బిజినెస్ ఇంగ్లిష్‌కి రిటైల్ పాఠం: పుస్తకమా, రోల్‌ప్లేనా, బిల్లా?

బీకాం పిల్లలకు బిజినెస్ ఇంగ్లిష్ చెప్పడానికి రిటైల్‌ని మించిన అంశం నాకు కనిపించదు. బ్యాంకింగ్ అయితే ముందు ఆ విషయం చెప్పాలి, ఆ తర్వాతే భాష. కొట్టుకెళ్లి సరుకులు తేని వాళ్లు మాత్రం క్లాసులో ఎవరూ ఉండరు. చిక్కల్లా ఎలా చెప్పాలన్న దగ్గరే. విదేశీ కోర్సు పుస్తకంలోని రిటైల్ అధ్యాయం పట్టుకోవచ్చు, కౌంటర్ దగ్గరి మాటలతో రోల్‌ప్లే చేయించవచ్చు, లేదా మన చేతికొచ్చే బిల్లులనే పాఠంగా వాడుకోవచ్చు.

పుస్తకంలో గ్రామర్ వరసగా వస్తుంది, పరీక్షకూ ఢోకా ఉండదు. బ్రిటన్ సూపర్‌మార్కెట్ సంస్థ టెస్కో 1995లో క్లబ్‌కార్డ్ అనే లాయల్టీ కార్డు తెచ్చి, ఎవరు ఏం కొంటున్నారో గమనించడం మొదలుపెట్టిన కథ చెబితే లాయల్టీ, కస్టమర్ డేటా లాంటి మాటలు వాటంతటవే వస్తాయి. అదే బ్రిటన్‌లో హై స్ట్రీట్, అంటే ఊళ్లో కొట్లుండే ప్రధాన వీధి, వెలవెలబోతోందన్న పాఠం కర్నూలు పిల్లలకు చెప్పాల్సి వస్తే, హై స్ట్రీట్ అంటే ఏంటో వివరించడానికే సగం పీరియడ్ అయిపోతుంది.

రోల్‌ప్లేలో సందడికి కొదవ లేదు. నోరు విప్పని పిల్లలు కూడా కస్టమర్ వేషం వేస్తే గట్టిగానే దెబ్బలాడతారు. సేల్స్‌మన్ వేషం వేసినవాడు మాత్రం "సారీ సర్, సారీ మేడమ్" దగ్గరే ఆగిపోతాడు. పాపం, చెప్పడానికి వాడి దగ్గర సరుకుండదు. డైలాగులు మనమే రాసిస్తే బట్టీపట్టి ఒప్పజెబుతారు.

నా ఓటు బిల్లుకే. చాలా బిల్లుల అడుగున ఒక వాక్యం ఉంటుంది: "గూడ్స్ వన్స్ సోల్డ్ విల్ నాట్ బి టేకెన్ బ్యాక్." వెనక్కి తీసుకోనిది ఎవరని అడగండి. ఓనరని అందరూ చెబుతారు, కానీ వాక్యంలో ఆయన ఊసే లేదు. పాసివ్ వాయిస్ దేనికి పనికొస్తుందో ఇంతకన్నా తేలిగ్గా చెప్పలేం. తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం సంగతి చెప్పండి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోతే, దాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి కింద లెక్కగడుతుంది. ఇక క్లాసులో సగం మంది కస్టమర్లుగా ఫిర్యాదు మెయిల్ రాస్తారు, మిగతా సగం స్టోర్ మేనేజర్లుగా జవాబు రాస్తారు. అదే బిల్లు వాక్యాన్ని ఏడు రోజుల రిటర్న్ పాలసీగా మర్యాదగా తిరగరాయమంటే 'ఇఫ్', 'అన్‌లెస్', 'ప్రొవైడెడ్ దట్' అన్నీ అవసరం కొద్దీ దిగుతాయి. ఇప్పుడు పెట్టండి రోల్‌ప్లే. ఈసారి సేల్స్‌మన్ కూడా వాదిస్తాడు.

బిల్లుతో కాని పనులూ ఉన్నాయి. మీటింగులో మాట్లాడటం, రిపోర్ట్ రాయడం దాంతో రావు. అందుకు స్టోర్ అంకెలు కావాలి. స్టోర్‌లోకి 200 మంది వచ్చారు, 50 బిల్లులయ్యాయి అనుకుందాం, అంటే కన్వర్షన్ (వచ్చినవాళ్లలో కొన్నవాళ్ల వాటా) 25 శాతం. మర్నాడు అంతమందే వచ్చినా 40 బిల్లులే అయ్యాయి, 20 శాతానికి పడింది. 'బై ఫైవ్ పర్సెంట్' తగ్గిందంటే తప్పు, 'ఫైవ్ పర్సెంటేజ్ పాయింట్స్' అనాలి. ఎందుకంటే 25లో 5 పోతే తగ్గింది అయిదో వంతు, అంటే 20 శాతం. ఇక్కడ పెద్ద మేనేజర్లే తడబడతారు. ఇప్పటికే స్టోర్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లకు చెప్పేటట్టయితే బిల్లు వదిలేసి నేరుగా దీంతోనే మొదలుపెట్టడం మేలు.

అమెరికా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో మాట. బ్రిటిష్ పుస్తకం ట్రాలీ, టిల్, క్యూ అని నేర్పుతుంది, అక్కడివాళ్లు కార్ట్, రిజిస్టర్, లైన్ అంటారు.

బిల్లులు పిల్లలనే తెమ్మనండి. జిరాక్స్ తీసే ముందు మాత్రం కస్టమర్ ఫోన్ నంబర్ ఉందేమో చూసి కొట్టేయండి. చాలా స్టోర్లు బిల్లు మీద అది కూడా ప్రింట్ చేస్తాయి.