సాఫ్ట్ పాస్ గోరు తొడుగులు: సోఫా కోసం పిల్లి వేళ్ళు కోయించక్కర్లేదు

అమెరికాలో పిల్లిని తెచ్చుకున్న తెలుగు ఇళ్ళలో కొత్త లెదర్ సోఫా మీద మొదటి గీతలు పడగానే ‘దీని గోళ్ళు తీయించేస్తే పోలా?’ అనే మాట వస్తుంది. ఆ మాట ఆపరేషన్ దాకా వెళ్ళకుండా ఆపడానికి కొనే వస్తువు సాఫ్ట్ పాస్. ఇవి మెత్తటి వినైల్ తొడుగులు, ఒక్కో గోరుకి ఒక్కోటి జిగురుతో అంటించాలి. లూసియానాకి చెందిన టోబీ వెక్స్‌లర్ అనే పశువైద్యుడు తయారుచేశాడు. ప్యాకెట్లో 40 తొడుగులు, జిగురు ట్యూబులు, వాటి మూతికి తగిలించే సన్న గొట్టాలు ఉంటాయి. ధర ఇరవై డాలర్లకి అటూఇటూ.

మార్కులు ముందే చెప్పేస్తే, తొడుగులకి 5కి 3. గోళ్ళు తీసే ఆపరేషన్‌కి సున్నా. సరైన చోట పెట్టిన ఎత్తైన స్క్రాచింగ్ పోస్టుకి, అంటే పిల్లి గోకడానికి నిలబెట్టే స్తంభానికి, 5. చాలామంది ఆ పోస్టుని మూలన పడేసి, పిల్లి దాని మొహం చూడట్లేదని తొడుగులు కొంటారు.

ఆపరేషన్‌కి సున్నా ఎందుకంటే దాని పేరే తప్పుదారి పట్టిస్తుంది. ‘డీక్లా’ అంటే గోరు పెరికెయ్యడమేననిపిస్తుంది. మన గోరు చర్మంలోంచి పెరుగుతుంది, పిల్లి గోరు వేలి చివరి ఎముకని అంటుకుని పెరుగుతుంది. ఎముక మిగిలితే గోరు మళ్ళీ మొలుస్తుంది. అందుకని చివరి కణుపు దగ్గర వేలినే కోసేస్తారు. ముందు కాళ్ళకి ఐదేసి చొప్పున పది కోతలు. మన చేతి వేళ్ళని గోటి కింది కణుపు వరకు తీసేసినట్టే లెక్క. పైగా పిల్లి వేళ్ళ మీద నడిచే జంతువు, ఒంటి బరువంతా ఆ కోసిన కొసల మీదే పడుతుంది.

కోసే పద్ధతులు మూడు. గిలెటిన్ కట్టర్‌తో టక్కున తెంపడం వేగంగా అయిపోతుంది, కానీ ఎముక ముక్క లోపల మిగిలిపోవడం దీనిలోనే ఎక్కువ. స్కాల్‌పెల్‌తో (ఆపరేషన్ కత్తితో) కీలు విడదీస్తే ఎముక మొత్తం వస్తుంది, చెయ్యి తిరిగినవాళ్ళు కావాలి. లేజర్‌తో రక్తం తక్కువ పోతుంది, బ్రోషర్లలో దీని గురించే ఎక్కువ రాస్తారు. తీసే ఎముక మాత్రం అదే. 2018లో జర్నల్ ఆఫ్ ఫెలైన్ మెడిసిన్ అండ్ సర్జరీలో వచ్చిన పరిశోధనలో గోళ్ళు తీసిన 137 పిల్లుల్ని, తీయని 137 పిల్లులతో పోల్చారు. తీసినవాటిలో 63 శాతానికి ఎక్స్‌రేలో ఎముక ముక్కలు మిగిలి కనిపించాయి. కరవడం, లిట్టర్ పెట్టె (పిల్లి మలమూత్రాలకి పెట్టే పెట్టె) వదిలి బయట పోసుకోవడం, నడుము నొప్పి, బొచ్చు ఊడేలా నాకుకోవడం వాటిలోనే ఎక్కువ. గులకరాళ్ళలాంటి లిట్టర్‌లో తవ్వితే కోసిన వేళ్ళు నొప్పెడతాయి. నొప్పెట్టిన చోటికి పిల్లి మళ్ళీ వెళ్ళదు, మెత్తగా ఉన్న కార్పెట్ చూసుకుంటుంది. సోఫా దక్కిందని సంతోషించేలోపు కార్పెట్ పోతుంది.

‘గోళ్ళు అలాగే ఉంటాయి, నరం మాత్రం కట్ చేస్తాం’ అని కొన్ని చోట్ల ఇంకో సేవ అమ్ముతారు. వాళ్ళు నరం అనేది నిజానికి స్నాయువుని, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిదాన్ని. అది తెగితే పిల్లి గోరు బయటికి చాచలేదు, గోకలేదు, పాత పొర రాల్చుకోలేదు. గోరు లావెక్కి వంకర తిరిగి మెత్తటి పాదంలోకి దిగుతుంది. బతికున్నన్నాళ్ళూ మీరే కత్తిరిస్తూ ఉండాలి. ఎలాగూ కత్తిరించాలంటే ఆ పని కోతకి ముందే చెయ్యొచ్చు కదా.

చట్టం సంగతి ఊరిని బట్టి మారుతుంది. బ్రిటన్, యూరప్‌లోని చాలా దేశాల్లో ఇది ఎప్పటినుంచో నిషేధం. ఇజ్రాయెల్ 2011లో నిషేధించింది. కెనడాలో నోవా స్కోషియా 2018లో మొదలుపెట్టింది, అదే ఏడాది బ్రిటిష్ కొలంబియా కలిసింది. అమెరికాలో మొదటి ఊరు వెస్ట్ హాలీవుడ్, 2003లో. మొదటి రాష్ట్రం న్యూయార్క్, 2019 జులైలో. అక్కడ జరిమానా 1,000 డాలర్ల వరకు ఉంటుంది. తర్వాత మేరీలాండ్ 2022లో, వర్జీనియా 2024లో, మసాచుసెట్స్ 2025లో చట్టం చేశాయి. కాలిఫోర్నియా 2025లో సంతకం చేసిన చట్టం 2026 జనవరి నుంచి రాష్ట్రమంతటికీ వర్తిస్తుంది. టెక్సస్‌లో రాష్ట్ర చట్టం లేదు, ఆస్టిన్ నగరంలో మాత్రం నిషేధం ఉంది. అంటే ఆస్టిన్ నుంచి రౌండ్‌రాక్ వైపు కారెక్కితే న్యాయం మారిపోతుంది! నిషేధం ఉన్న చోట్ల కూడా కణితి, నయం కాని ఇన్ఫెక్షన్ లాంటి వైద్య కారణాలకి మినహాయింపు ఉంటుంది. సోఫా వైద్య కారణం కాదు. చట్టం లేని చోట్ల కూడా వీసీఏ, బాన్‌ఫీల్డ్ లాంటి పెద్ద పశువైద్య ఆసుపత్రి గొలుసులు 2020లోనే ఈ పని మానేశాయి.

అద్దె ఇంటివాళ్ళు ‘గోళ్ళు తీసిన పిల్లి అయితేనే’ అని షరతు పెడితే, కాలిఫోర్నియాలో 2013 నుంచి ఆ షరతే చెల్లదు. ‘మా అమ్మకి షుగర్, మందులు వాడుతోంది, గోరు గీసుకుంటే ప్రమాదం కదా’ అనే ప్రశ్న కూడా వస్తుంది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళ ఇళ్ళలో కూడా గోళ్ళు తీయించమని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పదు. గీతల వల్ల వచ్చే జ్వరానికి మూలం బార్టొనెల్లా అనే బాక్టీరియా, దాన్ని పిల్లులకి అంటించేవి పేలలాంటి చిన్న పురుగులు, ఫ్లీలు. నెలనెలా వాటి మందు వెయ్యాలి, గోళ్ళు కత్తిరించి ఉంచాలి, పెద్దవాళ్ళు పిల్లితో మొరటుగా ఆడకూడదు. గోరు లేని పిల్లికి మిగిలే ఆయుధం పన్ను, పిల్లి కాటు గీత కంటే లోతుగా దిగి చీము పట్టిస్తుంది.

ఇక తొడుగుల దగ్గరికి వద్దాం. కొనేటప్పుడు సైజే అసలు సంగతి. సుమారుగా 6 నుంచి 8 పౌండ్ల పిల్లికి స్మాల్, 9 నుంచి 13 వరకు మీడియం, 14 దాటితే లార్జ్, అంతకంటే చిన్నవాటికి కిటెన్. సందేహముంటే జిగురు లేకుండా ఒకటి తొడిగి చూడండి. గోరు మొదలు దాకా వెళ్ళాలి, అక్కడ చర్మాన్ని తాకకూడదు. వదులుగా ఉంటే రెండు రోజుల్లో ఊడుతుంది. బిగుతుగా ఉంటే గోరు లోపలికి ముడుచుకోలేక పిల్లి కుంటుతుంది.

అంటించే ముందు గోరు కొస ఒకటి రెండు మిల్లీమీటర్లు కత్తిరించాలి. గులాబీ రంగులో కనిపించే రక్తనాళం దాకా వెళ్ళకండి. తగిలితే రక్తం ఆపే స్టిప్టిక్ పొడి అద్దండి, లేకపోతే కార్న్‌ఫ్లోర్‌లో వేలు ముంచి రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. మన గోరు కట్టర్ వాడితే గోరు పక్కల నుంచి నలిగి చీలుతుంది, పిల్లులకి చిన్న కత్తెరలాంటిది కొనండి. తొడుగులో మూడో వంతు వరకే జిగురు వేసి, వేలిని పైనుంచి కిందనుంచి మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది. తొడుగు దోపి అయిదు సెకన్లు ఆపండి. పది గోళ్ళూ అయ్యాక అయిదు నిమిషాలు పిల్లి పాదాలు నాక్కోకుండా ట్యూనా ముక్కలతోనో బొమ్మతోనో మాటల్లో పెట్టాలి.

తప్పులు ఎక్కువగా జిగురు దగ్గరే జరుగుతాయి. ఇది సూపర్ గ్లూ జాతిది. ఎక్కువ వేస్తే పొంగి బొచ్చుకి, పక్క వేలికి అంటుకుంటుంది. అలా రెండు వేళ్ళు అతుక్కుంటే లాగకండి, ఎసిటోన్ పొయ్యకండి. అతుక్కున్న బొచ్చుని జాగ్రత్తగా కత్తిరించాలి, చర్మం అతుక్కుంటే వెట్ దగ్గరికే. తక్కువ వేస్తే మర్నాటికి సోఫా కింద నీలం రంగు తొడుగులు దొరుకుతాయి. రంగుది పెద్ద విషయం కాదుగానీ ముదురు రంగు తీసుకుంటే ఏ గోటిది ఊడిందో దూరం నుంచే తెలుస్తుంది. మొదటి రెండు రోజులు పిల్లి కొరికి పీకడానికి చూస్తుంది. మింగినా మామూలుగా మలంతో బయటికొస్తుంది. మూడో రోజుకి చాలా పిల్లులు మర్చిపోతాయి, కొన్ని మాత్రం ఎప్పటికీ ఒప్పుకోవు. అలాంటిదానితో యుద్ధం పెట్టుకోకండి.

నాలుగు నుంచి ఆరు వారాలకి గోటి పై పొర రాలుతూ తొడుగు దానంతటదే ఊడుతుంది. 40 తొడుగుల ప్యాకెట్ ముందు కాళ్ళకి నాలుగు సార్లు, అంటే నాలుగైదు నెలలు వస్తుంది. వెనక కాళ్ళకి అక్కర్లేదు, సోఫాని గీరేవి ముందు కాళ్ళే. రెండు నెలలైనా ఊడనిదాన్ని వదిలేస్తే లోపల గోరు పెరిగి పాదాన్ని గుచ్చుతుంది. తొడుగు కొసని కట్టర్‌తో కత్తిరిస్తే జిగురు పట్టు వదులుతుంది, అప్పుడు లాగెయ్యండి. బయట తిరిగే పిల్లికి ఇవి పెట్టడం అన్యాయం. కుక్క తరిమితే చెట్టెక్కలేదు.

రెండు మార్కులు ఎందుకు కోశామంటే, తొడుగు గీత పడకుండా ఆపుతుంది, గోకే పనిని ఆపదు. పాత పొర రాల్చుకోవడానికి, వెన్ను సాగదీసుకోవడానికి, పాదాల్లోని వాసన గ్రంథులతో ‘ఇది నాది’ అని రాసుకోవడానికి పిల్లి గోకుతుంది. ఆ అవసరం తీర్చేది పోస్టే. రెండడుగుల లోపు ఎత్తుండి, ముట్టుకుంటే ఊగే పోస్టుని పిల్లి నమ్మదు. కనీసం 32 అంగుళాల ఎత్తు, కదలని పీఠం, సైసల్ అనే ముతక నారతో చేసిన తాడు కంటే అదే నారతో నేసిన గుడ్డ ఉంటే మేలు. స్మార్ట్‌క్యాట్ అల్టిమేట్ పోస్టు ఈ కొలతలకి సరిపోతుంది, పీఠం 16 అంగుళాల చదరం. దాన్ని సరిగ్గా పిల్లి గోకే సోఫా చేతి పక్కనే పెట్టండి, సోఫా చేతికి రెండువైపులా అంటుకునే వెడల్పాటి టేపు వెయ్యండి. పాదాలు పట్టుకుని పోస్టు మీద రుద్ది నేర్పించకండి, అది భయం నేర్పుతుంది. మూడు నాలుగు వారాలు అలవాటయ్యాక రోజుకి కొన్ని అంగుళాల చొప్పున మీకు నచ్చిన చోటికి జరుపుకోండి. నిలువుగా కాక కార్పెట్ మీద గోకే పిల్లికి మాత్రం ఎంత మంచి స్తంభమైనా దండగే. దానికి అయిదు డాలర్ల అట్ట పలక చాలు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళు పోస్టు కొనక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. మన దగ్గర ఈ ఆపరేషన్‌ని పేరుపెట్టి నిషేధించిన చట్టం లేదుగానీ, 1960 జంతు హింస నివారణ చట్టంలోని సెక్షన్ 11 అంగవైకల్యం చెయ్యడాన్ని నేరమంటుంది. మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అంటే పార్కింగ్ టికెట్ అంత కూడా కాదు. పోస్టుకి 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 80 సెంటీమీటర్లు, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 40 సెంటీమీటర్ల చదరం, 8 మిల్లీమీటర్ల జనపనార తాడు 40 మీటర్లు తీసుకోండి. పైపుని పీఠానికి ఎల్ క్లాంపులతో బిగించి, లోపల సగం వరకు ఇసుక పోస్తే అయిదారు కిలోల బరువొచ్చి ఊగదు. తాడు చుట్టేటప్పుడు జిగురు మొదటి రెండు చుట్లకి, చివరి రెండు చుట్లకి మాత్రమే. మధ్యలో రాస్తే గట్టిపడి గోరు దిగదు. ఆరు నెలలకి తాడు పీచులు లేచి అసహ్యంగా తయారవుతుంది, అతిథులొస్తున్నారని పారెయ్యకండి. పిల్లికి అప్పుడే అది బాగా నచ్చడం మొదలవుతుంది.