అమ్మ మోకాలికి ఫిజియోథెరపీ: అమలాపురంలో మా మూడు వారాల అనుభవం

మా అమ్మ మోకాలి నొప్పికి అమలాపురంలో ఒక చిన్న ఫిజియోథెరపీ సెంటర్‌కి మూడు వారాలు తిరిగామండి, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

అంతకుముందు ఇంకో ఊళ్లో ఒకచోట పది రోజులు మోకాలికి కరెంటు పెట్టి పంపించేశారు. ఇంటికెళ్లి ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేదు. "ఎముకలు అరిగిపోయాయంట, ఇంకేముందిలే" అని అమ్మ నడవడమే మానేసింది. డబ్బుల కంటే నాకు అదే బాధ.

ఇక్కడ మొదటి రోజే ఆ డాక్టరమ్మ ప్లాస్టిక్ కాలి ఎముకల బొమ్మ తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. "ఒంట్లో 206 ఎముకలున్నాయమ్మా, కానీ వాటంతట అవి ఒక్కటీ కదలవు, కండ లాగాలి. కండకి లాగడమే వచ్చు, నెట్టడం రాదు, అందుకే కాలు చాపడానికి తొడ ముందు కండ, మడవడానికి వెనక కండ" అంటూ బొమ్మలో మోకాలి చిప్పని వేలితో కదిపి చూపించింది. చిప్ప నూతి మీద గిలకలాంటిదట, తొడ కండ దాని మీదుగానే కింద ఎముకని లాగుతుందట. అమ్మ ఏళ్ల తరబడి నూతిలో నీళ్లు తోడిన మనిషి, ఇట్టే పట్టేసింది. నొప్పి అని నడక మానేస్తే తొడ కండ సన్నబడి, బరువంతా కీలు మీదే పడి నొప్పి ఇంకా పెరుగుతుందని చెప్పింది. అరిగిన గుజ్జు మళ్లీ రాదని కూడా దాచలేదు, అది నాకు బాగా నచ్చింది.

ఇచ్చిన పని చూస్తే చాలా చిన్నది. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందకి అదిమి అయిదు లెక్కపెట్టి వదలాలి, అలా పదిసార్లు. మొదట్లో తొడ మీద చెయ్యి వేస్తే పిండిముద్దలా మెత్తగా ఉండేది, ఇప్పుడు అదిమినప్పుడు నా వేళ్ల కింద గట్టిగా లేస్తోంది. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ కుర్చీలోంచి చెయ్యి ఊనకుండా లేస్తోంది.

సిట్టింగ్‌కి 300 తీసుకున్నారు, మాకు ఎక్కువ అనిపించలేదు. సాయంత్రం జనం ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి. ఒక్కటే లోపం, సెంటర్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు వచ్చే చోటు కింద ఉండాలి కదండీ, ఆ మాట వాళ్లకే చెప్పాను. డాక్టరమ్మ మాత్రం మెట్ల దాకా వచ్చి, ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు వెయ్యాలని అమ్మ చేత నాలుగు మెట్లు ఎక్కించి దింపించింది. ఇంట్లో అరుగు ఎక్కినా అమ్మ ఇప్పుడు అలాగే ఎక్కుతోంది.