పూర్తి లాక్‌డౌనా, ఇంటింటి జ్వర సర్వేనా: పాలమూరు, నల్లగొండకు ఏది మేలు?

2020 మార్చిలో పెట్టిన లాక్‌డౌన్‌ను తప్పుపట్టలేను. కరోనా కొత్త రోగం, టీకా లేదు, మొదట్లో అందరి చూపూ హైదరాబాద్ గాంధీ ఆస్పత్రి మీదే. ఆస్పత్రులు సర్దుకోవడానికి కొంత గడువు కావాల్సి వచ్చింది. లాక్‌డౌన్ ఇవ్వగలిగింది కూడా ఆ గడువే.

దాని భారం మాత్రం ఎక్కువగా కూలీల మీద పడింది. ముంబై, పుణెల్లో పాలమూరు (మహబూబ్‌నగర్) వలస కూలీలకు పని ఆగింది, కూలి ఆగింది, ఊరికి వద్దామంటే బస్సు లేదు, రైలు లేదు. ఇక్కడ తెల్లకార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చారు. మంచి పనే. కానీ అక్కడ చిక్కుకున్నవాళ్ల కార్డులు ఊళ్లోనే ఉండిపోయాయి కదా! ఆ యాసంగి వడ్లను ఊళ్లలోనే కొనడంతో రైతుల ఇళ్లు కొంత గట్టెక్కాయి.

2021 మే 12 నుంచి తెలంగాణ రాష్ట్రం పెట్టింది వేరే రకం లాక్‌డౌన్. ఉదయం 6 నుంచి 10 దాకా సడలింపు. పొయ్యి ఆరలేదు, నిజమే. అయితే రోజంతా విడివిడిగా వచ్చే జనం నాలుగు గంటల్లో బజారు మీద పడ్డారు. తొమ్మిదిన్నర దాటితే కూరగాయల దగ్గర ఒకరినొకరు తోసుకోవడమే. తర్వాత మధ్యాహ్నం 1 దాకా, ఆపై సాయంత్రం 5 దాకా పెంచారు. సడలింపు ఇచ్చేదే అయితే మొదటి రోజు నుంచే అంత వేళ ఇవ్వాల్సింది.

నా ఓటు ఆ రోజుల్లోనే జరిగిన ఇంటింటి జ్వర సర్వేకు. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం గడప దగ్గరికొచ్చి జ్వరం, దగ్గు ఉన్నాయా అని అడిగి మందుల కిట్ చేతిలో పెట్టేవారు. ఈ సర్వే వల్ల ఎవరి కూలి పోలేదు, ఎవరి దుకాణం మూతపడలేదు. పరీక్షకు వెళ్లాలంటే భయపడి ఇంట్లోనే మంచం పట్టినవాళ్లూ లెక్కలోకి వచ్చారు. దీనికి ఊరికో పల్స్ ఆక్సీమీటర్ తోడు కావాలి. కరోనాలో కొందరికి ఆయాసం తెలియకముందే ఆక్సిజన్ పడిపోతుంది. వేలికి పెట్టి చూస్తే, ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గిందంటే వెంటనే ఆస్పత్రికి కదలాలి.

కదిలి ఎక్కడికి? మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో మొదలయ్యాయి. నల్లమలలోని అమ్రాబాద్ మనిషికి మహబూబ్‌నగరే దూరాభారం. అందుకే అచ్చంపేట, దేవరకొండ ఆస్పత్రుల్లో పైపులైన్ ఆక్సిజన్ ఉన్న పడకలు, రాత్రి డ్యూటీలో డాక్టర్, నర్సు ఉండి తీరాలి. ఇవి సిద్ధం చేసేదాకా కొద్ది వారాలు మూసివేత పెట్టినా ఒప్పుకుంటాను, వలసపోయిన చోటే కూలీకి రేషన్ అందితే.