చలి తెలిసిన యాప్, ఎండ తెలియని యాప్

పెరటి తోటకు ప్రణాళిక వేసి ఇస్తానంటుంది ఈ యాప్. ఊరి పేరు, స్థలం కొలతలు ఇస్తే ఏ మొక్క ఎక్కడ వేయాలో, ఏ నెలలో నాటాలో చెబుతుంది. డబ్బు కట్టే తీసుకున్నాను కనుక మొహమాటం లేకుండా రాస్తున్నాను. ఐదుకు మూడు చుక్కలు, ఆ మూడూ నీడల పటానికే.

ఆ పటం నిజంగా బాగుంది. పెరట్లో నిలబడి ఫోనును చుట్టూ తిప్పితే గోడల నీడ, చెట్ల నీడ ఏ నెలలో ఎటు పడుతుందో గీసి చూపిస్తుంది. టమాటా, మిరప, వంగ లాంటి కాయ కాసే మొక్కలకు రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. ఆకుకూరలు 3, 4 గంటలతో సరిపెట్టుకుంటాయి. చలికాలంలో సూర్యుడు పక్కకు వాలి నీడలు సాగుతాయని అందరికీ తెలిసిందే కానీ, ఎంత సాగుతాయో కంటి అంచనాకు అందదు. వేసవిలో ఎండ నిండుగా తగిలే మా ప్రహరీ పక్క మడికి చలికాలంలో రెండు గంటలు కూడా దక్కదని ఇది చూపించాకే టమాటాకు వేరే చోటు చూశాను. పాలకూరను ఆ మడిలోకి పంపాను.

నాటే నెలల దగ్గరికి వచ్చేసరికి దీని తెలివి తెల్లారింది. వాతావరణాన్ని ఇది అమెరికా వ్యవసాయ శాఖ వారి హార్డినెస్ మండలాలతో కొలుస్తోంది. ఏడాదిలో అన్నిటికన్నా చల్లటి రాత్రి ఉష్ణోగ్రత సగటున ఎంతకు దిగుతుందన్న ఒక్క లెక్క మీదే ఆ మండలాలు నిలబడ్డాయి. ఏళ్ల తరబడి బతికే మొక్క చలికి తట్టుకుంటుందా అని తేల్చుకోవడానికి అది చాలు. వేసవి ఎండ, వాన, గాలిలో తేమ ఆ లెక్కలోకే రావు. అందుకే చల్లటి వేసవి ఉండే లండన్, ఎడారి ఎండలు కాసే అరిజోనాలోని టూసాన్ రెండూ తొమ్మిదో మండలంలోనే ఉంటాయి.

ఇక్కడ గడ్డకట్టే చలి లేదు కనుక ఏడాది పొడుగునా టమాటా నాటుకోవచ్చని నాకు సెలవిచ్చింది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. మొక్క ఏపుగానే ఉంటుంది, కాయే ఉండదు. ఉల్లి సంగతి మరీ విడ్డూరం. పగటి పొద్దు సుమారు 14 గంటలు ఉంటేనే గడ్డ ఊరే రకాన్ని, అంత పొద్దు ఎన్నడూ ఉండని చోటికి సిఫారసు చేసింది. ఫిర్యాదు రాస్తే, మండలం మార్చి చూడమన్నారు. ఊరే మార్చుకోమనలేదు, సంతోషం.

నీళ్లు పోయమని గుర్తుచేసే గంట జోరువానలోనూ మోగుతుంది. దాన్ని ఆపేసుకోండి. నాటే నెలల కోసం మీ ప్రాంతపు వాతావరణ కేంద్రం ఇచ్చే నెలవారీ సగటు పట్టిక చూడండి, పగటి గరిష్ఠంతో పాటు రాత్రి కనిష్ఠం కూడా. ఈ యాప్ పన్నెండు నెలల నీడలనూ ఒకేసారి గీసేస్తుంది కాబట్టి ఏడాది చందా దండగ. ఒక్క నెలకు కట్టి, పటాలు ఫోనులో దాచుకుని, చందా రద్దు చేసుకోండి.