తూటా దూరితే చాలదు: డిజిటల్ వెర్నియర్‌తో తొమ్మిదేళ్ళు

రాణిగంజ్‌లో పద్నాలుగు వందలు పెట్టి కొన్న డిజిటల్ వెర్నియర్ ఇది, అంటే వస్తువుని దవడల మధ్య పట్టి కొలత అంకెల్లో చూపించే పనిముట్టు. 150 మిల్లీమీటర్లది, స్టీలు బాడీ. కొన్నరోజు మా ఉస్తాద్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "బ్యాటరీ అయిపోతే ఏం చేస్తవ్?" అని అడిగి తిరిగి ఇచ్చేశాడు. ఆయన దగ్గర మిటుటోయో కంపెనీ డయల్ వెర్నియర్ ఉంది, ముల్లు తిరిగేది, బ్యాటరీ అక్కర్లేనిది, వయసులో నాకంటే పెద్దది. అయినా ఈ తొమ్మిదేళ్ళూ నా చొక్కా జేబులో ఉన్నది మాత్రం ఇదే.

గన్‌ఫౌండ్రీ దగ్గర లైసెన్సున్న ఒక తుపాకుల దుకాణంలో రిపేరు పని నాది. (ఆ పేటకి ఆ పేరు ఊరికే రాలేదు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోత పోయించిన చోటు అది. ఉర్దూలో తోప్‌కా సాంచా.) మా బల్లమీదికి కొత్త సరుకు తక్కువ, తాతలనాటి జేబు రివాల్వర్లు ఎక్కువ. పెద్దాయన పోతాడు, లైసెన్సు కొడుకు పేరుమీదికి మారుతుంది, బీరువాలోంచి రివాల్వర్‌తో పాటు ఒక తుప్పు డబ్బా బయటికొస్తుంది. అందులో ఏడెనిమిది తూటాలు. "ఇవి దీనివేనా అన్నా?" అని అడుగుతారు. నేను వెర్నియర్ కొన్నదే ఆ ప్రశ్న కోసం.

ముందు ఒక మాట. ఎవరు ఏది తెచ్చినా ఉస్తాద్ నోట మొదట వచ్చేది "పహ్‌లే ఖాలీ హై క్యా దేఖ్". ఖాళీగా ఉందో లేదో కంటితో చూడాలి, వేలితో తడమాలి, ఆ తర్వాతే కొలత. ఖాళీ అని ప్రమాణం చేసి మరీ ఇచ్చినవాటిలోంచి కూడా తూటాలు తీశాం.

హిమాయత్‌నగర్ నుంచి ఒక పెద్దావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. లైసెన్సు పుస్తకంలో "స్మిత్ అండ్ వెసన్, పాయింట్ 32" అని ఉంది, అంటే అమెరికా కంపెనీ పేరు, అంగుళాల్లో తూటా సైజు. వస్తువు చూడముచ్చటగా ఉంది. పైన గొళ్ళెం ఎత్తితే బారెల్ కిందికి వాలుతుంది, మధ్యలో తూటాలని బయటికి నెట్టే నక్షత్రంలాంటి ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేస్తుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. "మా వారు అమెరికాదని చెప్పేవారు నాయనా" అంది ఆవిడ. భూతద్దం పెట్టి బారెల్ పైన అక్షరాలు చదివాను. స్మిత్ అండ్ వెసన్ అన్న పేరు ఉన్నమాట నిజమే. కానీ దానికి ముందూ వెనకా సగం అరిగిపోయిన చిన్న అక్షరాలున్నాయి. అన్నీ కలిపి చదివితే, ఈ రివాల్వర్‌కి బాగా సరిపోయేవి స్మిత్ అండ్ వెసన్ తూటాలు అని అర్థం. అది చేసినవాడి పేరు కాదు, తూటా పేరు! సిలిండర్ మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక ముద్ర, లోపల ఇ.ఎల్.జి. అక్షరాలు, పైన కిరీటం. బెల్జియంలోని లీయేజ్ తుపాకుల పరీక్షశాల ముద్ర అది. కిరీటం ఉందంటే 1893 తర్వాతిదన్నమాట. ఎప్పుడో ఏ గుమాస్తానో పెద్ద అక్షరాలు మాత్రం చదివి పుస్తకంలో ఎక్కించాడు. తర్వాత రెన్యువల్ చేసినవాళ్ళందరూ అదే దించేశారు.

ఇక్కడ వెర్నియర్ పని మొదలైంది. వెర్నియర్ తోకలోంచి వచ్చే సన్నటి డెప్త్ రాడ్‌ని వెనకనుంచి ఛాంబర్‌లోకి, అంటే సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రంలోకి దింపితే పదిహేనున్నర మిల్లీమీటర్ల దగ్గర మెట్టు తగిలింది, తూటా తొడుగు ఆగే చోటు అది. సిలిండర్ మొత్తం పొడవు 28 మిల్లీమీటర్లు. ఆవిడ డబ్బాలో ఉన్నవి పాయింట్ 32 లాంగ్ తూటాలు, మొత్తం పొడవే 32 దాటుతుంది. సిలిండర్‌లో పెడితే తొడుగు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది, అడుగు వెనక బయటే ఉండిపోతుంది, రివాల్వర్ మూసుకోనే మూసుకోదు. దానికి కావలసింది పొట్టిది, అంటే 1878లో వచ్చిన అసలు పాయింట్ 32 స్మిత్ అండ్ వెసన్. దాని తొడుగు, అంటే మందు ఉండే లోహపు గొట్టం, పదిహేను మిల్లీమీటర్లకి కొంచెం ఎక్కువ. లాంగ్ 1896లో వచ్చింది, తొడుగు 23.4. పొట్టిది లాంగ్ రివాల్వర్‌లో పేలుతుంది, లాంగ్ మాత్రం పొట్టిదాంట్లో పట్టదు. పాయింట్ 32 కోల్ట్ న్యూ పోలీస్ అని రాసుంటే కంగారు పడక్కర్లేదు. అది లాంగ్‌కే ఇంకో పేరు, పోటీ కంపెనీ పేరు తమ తుపాకిమీద కొట్టుకోవడం కోల్ట్ వాళ్ళకి ఇష్టంలేక పెట్టుకున్నది.

పట్టకపోతే నయం, ప్రమాదం తెలిసిపోతుంది. పట్టేవాటితోనే నాకు టెన్షన్.

మూడేళ్ళ కింద ఒక కుర్రాడు అసలైన స్మిత్ అండ్ వెసన్ హ్యాండ్ ఎజెక్టర్ రకం రివాల్వర్ తెచ్చాడు. పాయింట్ 32 లాంగ్‌ది, మంచి కండిషన్. ఎక్కడో ఒక దుకాణంలో లైసెన్సు మీద పాయింట్ 32 చూసి పిస్టల్ తూటాలు కట్టిచ్చారు, అంటే బ్రౌనింగ్ 1899లో తెచ్చిన 7.65 రకం, మన దగ్గర పాయింట్ 32 పిస్టల్‌కి వాడేది. ఆరు ఛాంబర్లలో ఆరూ దూరాయి. అంచు పట్టి ఆగాయి కూడా. "కరెక్ట్‌గా సరిపోయాయి కదన్నా, ఇంకేం చూస్తున్నారు?" అన్నాడు. ఒకటి తీసి వెర్నియర్ దవడల మధ్య పెట్టాను. అడుగు అంచు 9.1. రివాల్వర్ తూటాది తొమ్మిదిన్నర రావాలి. ఆ 0.4 తేడా కంటికి ఆనదు. కానీ పిస్టల్ తూటాకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 20,500 పౌండ్లు, లాంగ్‌కి 15,000. వందేళ్ళు దాటిన ఉక్కుమీద ఆ అదనపు బరువు ఎవరికి కావాలి? ఆరూ తీసి కవర్లో పెట్టి ఇచ్చేశాను. కుర్రాడికి కోపం వచ్చింది, నాకు అలవాటే.

పాయింట్ 38లో తిరకాసు వేరు. పాత పాయింట్ 38 స్మిత్ అండ్ వెసన్ పొట్టిగా ఉంటుంది గానీ లావు, తొడుగు 9.8. పాయింట్ 38 స్పెషల్ అనే ఇంకో తూటా తొడుగు పొడవెక్కువ, 29.3, కానీ లావు 9.6 మాత్రమే. పేరులో రెండూ 38. ఇక పాయింట్ 380 అన్న పేరుమీద పాత బ్రిటిష్ రివాల్వర్ తూటా ఒకటి, బ్రిటిష్ వెబ్లీ మార్క్ 4 రివాల్వర్‌లో వాడిన సైన్యం తూటా ఒకటి, పిస్టల్ తూటా ఇంకొకటి. డబ్బా మీద పేరు చదివి ఇచ్చేస్తే అంతే సంగతులు.

ఇప్పుడు ఈ పనిముట్టు లోపాలు. రంధ్రం లోపల కొలిచే చిన్న దవడల కొసలు బల్లపరుపుగా ఉంటాయి. చిన్న గుండ్రటి రంధ్రంలో పెడితే గోడకి పూర్తిగా ఆనవు, అసలుకంటే తక్కువ చూపిస్తాయి. ఇది వెర్నియర్ అన్నవాటన్నిటికీ ఉన్న గుణమే, కానీ నాకెవరూ చెప్పలేదు. మొదటి ఏడాది ఒక రివాల్వర్ ఛాంబర్ 8.3 అని చూపిస్తే పాత బ్రిటిష్ పాయింట్ 320 అనుకుని, దీనికి ఇప్పుడు తూటాలు దొరకవని చెప్పి పంపించేశాను. వారం తర్వాత ఉస్తాద్ దాన్నే మళ్ళీ తెప్పించి, ఎనిమిదిన్నర డ్రిల్ బిట్ వెనకభాగం ఛాంబర్‌లోకి జారవిడిచాడు. సుతారంగా వెళ్ళిపోయింది. అది మామూలు 32. అప్పటినుంచి చిన్న రంధ్రాలకి డ్రిల్ బిట్ల వెనకభాగాలే నా గేజులు, వెర్నియర్‌తో ఆ బిట్లని కొలుస్తాను.

బారెల్ మూతి దగ్గర కొలవడం అంతకంటే దండగ. స్మిత్ అండ్ వెసన్ బారెల్ లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఐదు, వెబ్లీలో ఏడు. బేసి సంఖ్య కాబట్టి ఒక గాడికి ఎదురుగా ఇంకో గాడి ఉండదు, గట్టు ఉంటుంది. దవడలు ఏది పట్టుకున్నాయో తెలియదు, వచ్చిన అంకె దేనికీ పనికిరాదు. మరీ అనుమానంగా ఉంటే ఉస్తాద్ బేగంబజార్ గంధకం కరిగించి, నూనె రాసిన ఛాంబర్‌లో పోస్తాడు. చల్లారాక పసుపుపచ్చటి అచ్చు బయటికొస్తుంది, మెట్టుతో సహా. దాన్ని కొలవడానికి మాత్రం నా వెర్నియర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ వాసన రెండ్రోజులు దుకాణంలోనే ఉంటుంది, అది వేరే సంగతి.

బ్యాటరీ గురించి ఉస్తాద్ అన్నదే జరిగింది. స్విచ్చి ఆపినా లోపల కరెంటు తాగుతూనే ఉంటుంది. ఎల్ఆర్ 44 బటన్ బ్యాటరీ వేస్తే నాలుగైదు నెలలు, ఎస్ఆర్ 44 వేస్తే దాదాపు ఏడాది. అయిపోయే ముందు అంకెలు మినుకుమినుకుమంటాయి, ఆ రోజు కొలతలు నమ్మకూడదు. స్టీలు దవడలు నికెల్ పూత మీద గీతలు పెడతాయి. ఒకాయన సిలిండర్ మూతి మీద నేను పెట్టిన గీత ఇప్పటికీ గుర్తుంది. తర్వాతనుంచి పలచటి టేపు అంటించి సున్నా చేసుకుని వాడుతున్నా.

ఇంకో హద్దు ఉంది. వెర్నియర్ సైజు చెప్తుంది గానీ సత్తువ చెప్పదు. పిడిమీద గుడ్లగూబ బొమ్మ ఉన్న అమెరికా ఐవర్ జాన్సన్ రివాల్వర్లు మా దగ్గరికి రెండు మూడు వచ్చాయి. 1909కి ముందువి పొగ వదిలే పాత నల్ల తుపాకిమందు కాలంవి, తర్వాతవి పొగలేని మందు కోసం గట్టిగా చేసినవి. ఛాంబర్ కొలత రెండింటికీ ఒకటే. తేడా చెప్పేది లోపలి తయారీ, ముద్రలు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్రల్లో కిరీటం కింద ఎన్.పి. (నైట్రో ప్రూఫ్) కనిపిస్తే 1904 తర్వాత ఆ పొగలేని మందుతో పరీక్షించినట్టు. "నాట్ ఇంగ్లిష్ మేక్" (ఇంగ్లండ్‌లో చేసింది కాదు) అని కొట్టిన ముద్ర కూడా ఒకసారి చూశాను. పాపం, దాని ఓనరు మా ఇంట్లో ఉన్నది అసలైన ఇంగ్లండ్ సరుకని ముప్పై ఏళ్ళు చెప్పుకున్నాడు.

ఎన్నికల ముందు లైసెన్సుదారులు తుపాకులు స్టేషన్లోనో మా దగ్గరో డిపాజిట్ చేస్తారు. ఆ నెలంతా నా జేబులో రెండు బ్యాటరీలు స్పేర్ ఉంటాయి. ఇంట్లో ఒకటే తుపాకి ఉన్నవాళ్ళు దీన్ని కొనక్కర్లేదు, లైసెన్సు పుస్తకంతో సహా తెలిసిన మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే పది నిమిషాల పని. ఈ పనిలో దిగేవాళ్ళకైతే పద్నాలుగు వందలకి మోసం లేదు. నేను మాత్రం ఇది పాడైతే డయల్‌దే కొంటాను.

హిమాయత్‌నగర్ ఆవిడ లైసెన్సులో పేరు సరిచేయించుకోవడానికి అర్జీ పెట్టుకుంది. కాల్చే ఉద్దేశం ఆవిడకి లేదు, మేమూ కాల్చొద్దనే చెప్పాం. లాంగ్ తూటాలు మా దగ్గర జమచేసి, ఖాళీ రివాల్వర్‌ని మెత్తటి గుడ్డలో చుట్టుకుని వెళ్తూ, "మరి బెల్జియం అంటే ఎక్కడుంది నాయనా?" అని అడిగింది.