సన్న తూనీగ ఫోటో ఎక్కడ పెడితే మేలు?

నాట్లు మొదలైతే చాలు, కోనసీమ కుర్రాళ్లు అడిగేది ఒకటే: "బోదె గట్టు మీద సన్న తూనీగ దొరికిందండీ, ఫోటో తీశాం. ఐనాచురలిస్ట్‌లో పెట్టాలా, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనా, మన వాట్సాప్ గ్రూపు చాలదా?"

మొదటి రెండూ మనం చూసిన జీవుల ఫోటోలను చోటుతో సహా నమోదు చేసే వెబ్‌సైట్లు. వాట్సాప్ చాలదు. పేరు చెప్పేవాళ్లు వెంటనే దొరుకుతారు గానీ, మామూలుగా ఫోటో పంపితే అందులోని లొకేషన్ ఎగిరిపోతుంది. వారం తిరిగేసరికి ఆ ఫోటో ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

మన డెల్టాలో చోటే అసలు సంగతి. రావులపాలెం దగ్గర కాలవలో మంచినీరు, కిందికి ఓడలరేవు వైపు వెళ్తే ఉప్పునీరు, మధ్యలో రొయ్యల చెరువులు. ఇష్నూరా సెనెగలెన్సిస్ అనే సన్న తూనీగ కాస్త ఉప్పదనాన్నీ తట్టుకుంటుంది. అన్ని సన్న తూనీగలూ అలా కాదు. ఏది ఎంత కిందివరకు దిగుతోందో తెలియాలంటే మ్యాప్ మీద పిన్ సరిగ్గా పడాలి. "అమలాపురం" అని ఊరి పేరు కొట్టి వదిలేస్తే అది బజారు మధ్యలో పడుతుంది. అక్కడ తూనీగకేం పని?

నేను ఐనాచురలిస్ట్ వైపు మొగ్గేది ఇందుకే. పిన్ చుట్టూ ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో అది అంకెల్లో చూపిస్తుంది, శాటిలైట్ మ్యాప్ మీద గట్టు చూసి మనమే సరిచేసుకోవచ్చు. ఒక్కటి చూసుకోండి: లొకేషన్‌ను "అబ్‌స్క్యూర్డ్" అని పెడితే పిన్ సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో పడుతుంది. ఇంటి పెరడైతే సరే, కాలవ గట్టుకెందుకు?

పేరు దగ్గర మాత్రం దానికి లోటుంది. ఇద్దరు ఒకే పేరు చెబితే రీసెర్చ్ గ్రేడ్ (పరిశోధనకు పనికొస్తుందన్న ముద్ర) వచ్చేస్తుంది. రెండు సెంటీమీటర్లుండే అగ్రియోక్నెమిస్ అనే బుల్లి సన్న తూనీగలతో అది ప్రమాదం. వాటిలో పిగ్మియా, ఫెమినా అని రెండు రకాలున్నాయి: మగ పిగ్మియాకు తోక చివర పై కొక్కేలు పొడవు, ఫెమినాకు కిందివి పొడవు. వీపు మీంచి తీసిన ఒక్క ఫోటోలో అవి తేలవు, పక్క నుంచి తోక కొసకు దగ్గరగా మరొకటి కావాలి. అలాంటి ఫోటో ఉంటే తప్పు పేరు ఎన్నేళ్లకైనా మారుతుంది. చోటు తప్పితే మనం తప్ప దిద్దేవాళ్లు లేరు.

ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ మన దేశానిదే, మంచిదే. దాని రికార్డులూ జీబిఫ్‌కు (ప్రపంచంలోని జీవుల రికార్డులు పోగుచేసే డేటాబేస్‌కు) వెళ్తాయి. ఒడోనేటా ఆఫ్ ఇండియా అనే తూనీగల వెబ్‌సైట్‌లో తెలిసినవాళ్లు చూశాకే ఫోటో ఎక్కుతుంది, కాబట్టి పేరు మీద టెన్షన్ ఉంటే అక్కడా పెట్టండి.

ఐనాచురలిస్ట్‌లో పెట్టేవాళ్లు లైసెన్స్ దగ్గర "అన్ని హక్కులూ నావే" అని ఎంచుకోకండి, ఆ రికార్డు జీబిఫ్‌కు వెళ్లదు. ఫోన్ కెమెరాకు లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో మాత్రం గట్టెక్కే ముందే చూసుకోండి.