మా ఫ్రేమింగ్ పనికి తీసుకున్న ఇన్సూరెన్స్: మూడేళ్ల అనుభవం

మాది ఖమ్మం. ఇప్పుడు డాలస్ దగ్గర మెకిన్నీలో ఉంటున్నాం. మా ఆయన ఇళ్లకు ఫ్రేమింగ్ కాంట్రాక్టులు చేస్తారు. ఇక్కడ ఇంటి బరువంతా మోసేది చెక్కే. గోడల్లో నిలువు చెక్కలు (స్టడ్లు), అంతస్తు కింద అడ్డ దూలాలు (జాయిస్టులు), పైకప్పును మోసే త్రికోణపు చట్రాలు (ట్రస్సులు) నిలబెట్టడం మా పని, దాన్నే ఫ్రేమింగ్ అంటారు. క్రూలో ఏడుగురు ఉంటారు, కాగితాల పని నాది. మూడేళ్లుగా ప్లేనోలోని ఒక ఇండిపెండెంట్ ఏజెంట్ (ఒకే కంపెనీకి కట్టుబడకుండా పలు కంపెనీల పాలసీలు అమ్మేవారు) ద్వారా తీసుకుంటున్న పాలసీల గురించి రాస్తున్నాను.

అంతకుముందు ఫోన్లోనే పది నిమిషాల్లో తీసుకున్న జనరల్ లయబిలిటీ పాలసీ (మా పని వల్ల ఇతరులకు దెబ్బ తగిలినా, వాళ్ల ఆస్తి పాడైనా వచ్చే క్లెయిములకు) ఉండేది. ప్రీమియం చాలా తక్కువ. ఒక్కో ఘటనకు 10 లక్షల డాలర్లు, ఏడాది మొత్తానికి 20 లక్షలు అని సర్టిఫికెట్ (పాలసీ ఉందని చూపే కాగితం) మీద ఉంది. బిల్డర్ ఆఫీసు అడిగిందీ అదే కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ ఏడాదే మూడంతస్తుల టౌన్‌హోమ్‌ల పని వచ్చింది. నాలుగు యూనిట్లు నిలబెట్టేశాం. రెన్యువల్ ముందు ఈ ఏజెంట్‌ని కలిస్తే, ఆవిడ సర్టిఫికెట్ పక్కన పెట్టి పాత పాలసీ మొత్తం తెమ్మన్నారు. వెనక పేజీల్లో ఒక ఎండార్స్‌మెంట్ (పాలసీ షరతులను మార్చే జత కాగితం) మీద వేలు పెట్టి చదివించారు. గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్ల పనికి ఆ పాలసీ వర్తించదట! నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ పని జరిగిన నాలుగు నెలలు మా ఇల్లు, పొదుపు అన్నీ గాలిలో ఉన్నట్టే. దేవుడి దయ వల్ల ఏమీ జరగలేదు.

కొత్త పాలసీలో ఆ మినహాయింపు లేదు. బిల్డర్‌ని అదనపు ఇన్సూర్డ్‌గా (మా పాలసీ రక్షణ అతనికి కూడా అందేలా) చేర్చే ఫారాలు రెండూ ఉన్నాయి. పని జరుగుతున్నప్పటికి సీజీ 20 10, పని అప్పగించాక వచ్చే క్లెయిములకు సీజీ 20 37. మా పాత పాలసీలో మొదటిది మాత్రమే ఉండేది. ఫ్రేమింగ్‌లో లోపం బయటపడేది ఇల్లు అమ్ముడయ్యాకే కాబట్టి నా దృష్టిలో రెండోదే ముఖ్యం.

వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బ తగిలిన కార్మికుడి వైద్యానికి, జీతానికి ఇచ్చే ఇన్సూరెన్స్) గురించి కూడా చెప్పాలి. టెక్సస్‌లో ప్రైవేటు యజమాని అది తీసుకోవాలని చట్టం బలవంతం చేయదు. కానీ తీసుకోకపోతే, దెబ్బ తగిలిన మనిషి కోర్టుకు వెళ్లినప్పుడు 'తప్పు అతనిది కూడా' అని వాదించే హక్కు మనకు పోతుంది. మేము తీసుకున్నాం. కిందటేడు మా కుర్రాడి అరచేతిలోకి నెయిల్ గన్ మేకు దిగింది. ఎమర్జెన్సీ బిల్లు, ఆపరేషన్, పని చేయలేని వారాలకు జీతంలో భాగం అన్నీ కంపెనీయే కట్టింది. ఆ కుర్రాడు మళ్లీ పనిలోకి వచ్చిన రోజు నేను పడ్డ సంతోషం మాటల్లో చెప్పలేను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆడిట్‌కు సిద్ధంగా ఉండాలి. మొదట కట్టే ప్రీమియం అంచనా మాత్రమే. ఏడాది చివర జీతాల లెక్కలు చూసి తేడా వసూలు చేస్తారు. ఇన్సూరెన్స్ లేని సబ్ కాంట్రాక్టర్‌కు ఇచ్చిన డబ్బు కూడా మన జీతాల్లో కలిపేస్తారు. పాత కంపెనీ ఆడిట్‌లో అలా కలిపి మాకు 9,400 డాలర్ల బిల్లు వచ్చింది. ఈ ఏజెంట్ మొదటి నెలలోనే నాతో ఒక ఫైలు పెట్టించారు. సర్టిఫికెట్ చేతికి వచ్చాకే సబ్‌కి చెక్కు. ఓవర్‌టైమ్‌ని విడిగా రాయమన్నారు, ఎందుకంటే ఒకటిన్నర రెట్ల జీతంలో ఆ అదనపు సగాన్ని ఆడిట్‌లో తీసేస్తారు. తర్వాతి ఆడిట్‌లో మాకు 610 డాలర్లు వెనక్కి వచ్చాయి.

పనిముట్లకు వేరే పాలసీ ఉండాలి. సైటులో కంప్రెసర్, నాలుగు నెయిల్ గన్లు దొంగలు ఎత్తుకుపోయినప్పుడు సీరియల్ నంబర్లు రాసి ఉంచినందుకు డిడక్టిబుల్ (మనమే భరించాల్సిన మొదటి భాగం) 500 డాలర్లు పోను మిగతాది ఇచ్చారు. వసంతంలో గాలివానకు సగం కట్టిన ఫ్రేమ్ పడిపోతే మళ్లీ కట్టే ఖర్చుకు మాత్రం జనరల్ లయబిలిటీని నమ్ముకోకండి. దానికి బిల్డర్స్ రిస్క్ అని ఉంటుంది, మామూలుగా బిల్డరే తీసుకుంటాడు. ఉందో లేదో కాంట్రాక్టు మీద సంతకానికి ముందే అడగండి.

లోపాలు లేవని కాదు. శనివారం ఫోన్ ఎత్తరు, మాకు శనివారం కూడా పనిదినమే. ట్రక్కు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ఖరీదెక్కువ, అది వేరే చోట తీసుకున్నాం. మొత్తం ప్రీమియం పాతదానికి దాదాపు రెట్టింపు. అయిదుకు నాలుగున్నర ఇస్తాను. వచ్చే నెల మళ్లీ రెన్యువల్, ఈసారి కూడా పాలసీ కాపీ పట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చుంటాను.